తలుపుకి లోపలి వైపు

మా బావ వడ్రంగి. చెయ్యి తిరిగిన వడ్రంగి అని నలుగురూ అంటారు. నన్నడిగితే మొండి వడ్రంగి అంటాను. ఆయనతో వాదించడం కంటే ఆయన చేసే తలుపుతో వాదించడం నయం. అది కనీసం ఒకవైపైనా తెరుచుకుంటుంది.

నేను సిటీ బస్సులో కండక్టర్‌ని. పొద్దున లేచిన దగ్గర్నుంచి జనం మీద అరవడమే నా ఉద్యోగం కాబట్టి నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోవాళ్ళు అంటారు. బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేసి "రైట్" అనడం ఎంత అలవాటైపోయిందంటే, ఎవరింటికి వెళ్ళినా బెల్లు నొక్కను, తలుపు మీద రెండు దెబ్బలు వేస్తాను. నా దెబ్బలకి అక్క లోపల్నించే "వచ్చాడు, బండి ఆగింది" అనేది. ఇదంతా ఆ పాత ఇంట్లో ఉన్నప్పటి సంగతి.

ఆ పాత ఇల్లు ఒక సందు చివర ఉండేది. రెండు గదులు, ముందు రేకుల షెడ్డు, వెనక దొడ్డి. షెడ్డులో బావ పని చేసుకునేవాడు. ఇల్లంతా రంపప్పొట్టు. అక్క ఊడుస్తూ తిట్టేది, ఆయన చిత్రిక పడుతూ వినేవాడు. చెవి మీద పెన్సిలు, నోట్లో రెండు మేకులు. మేకులుంటే జవాబు చెప్పే పని తప్పుతుందని వాటిని నోట్లోనే ఉంచుకుంటాడని అక్క అనేది.

ఆ ఇంటి వీధి తలుపు బావ పెళ్ళైన కొత్తలో చేసింది. చేతిలో డబ్బులు ఆడని రోజులు. ఎవరో పనికిరాదని పక్కన పడేసిన పలకతో చేశాడు. సరిగ్గా గుండె ఎత్తున దానికో పెద్ద ముడి ఉండేది. ముడి అంటే చెక్కలో కొమ్మ మొలిచిన చోటు, గుండ్రంగా గట్టిపడి ఉంటుంది. పని తెలిసినవాడెవడూ అలాంటి పలక తలుపుకి వాడడు. చెయ్యి కాస్త కుదుటపడ్డాక దాన్ని తీసేసి మంచి తలుపు పెడతానని బావ ఎన్నిసార్లు అన్నాడో. అక్క తియ్యనివ్వలేదు. బయటికి వెళ్తూ ఒకసారి, తిరిగొచ్చి ఒకసారి ఆ ముడి మీద అరచెయ్యి ఆనించడం ఆమెకి అలవాటు. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి తగిలి తగిలి ముడి నున్నగా తేలింది. "నీ పనితనంలో నాకు నచ్చింది ఇదొక్కటేనయ్యా" అని ఏడిపించేది. పక్కనుంటే నేనూ నవ్వేవాణ్ణి. బావ మొహం కందగడ్డలా అయిపోయేది.

తర్వాత అక్కకి చూపు తగ్గడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోంది, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం అన్నాడు డాక్టరు. అప్పటికి ఆమెకి మనుషులు పొగలోంచి చూసినట్టు కనిపించేవాళ్ళు. బావ ఆసుపత్రి నుంచి వస్తూ నా బస్సే ఎక్కాడు. టికెట్ అడిగితే చెయ్యి చాచి ఊరుకున్నాడు, ఆ చేతిలో ఏమీ లేదు. నేనే టికెట్ కొట్టి ఆ చేతిలో పెట్టాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకి ఒక అపార్ట్‌మెంట్ తలుపుల పని వచ్చింది. పెద్ద బిల్డింగు. ప్రతి ఫ్లాటుకీ వీధి తలుపు బావే చెయ్యాలి. కూలి బదులు ఒక ఫ్లాటు తీసుకో, పాత ఇల్లు అమ్మి మిగతాది కట్టు అన్నాడు బిల్డరు. అప్పట్నుంచి బావ కాలు గాలిన పిల్లిలా తిరిగాడు. వెళ్ళాలా వద్దా అని కనిపించిన ప్రతివాణ్ణీ అడిగాడు. పాత ఇంట్లో స్నానాలగది దొడ్డి అవతల ఉంది, వానొస్తే అక్క జారుతుంది. షెడ్డుకీ ఇంటికీ మధ్య మెట్లు. గడపకి ఆమె కాలు రెండుసార్లు కొట్టుకుని గోరు ఊడింది. అక్కడైతే నేలంతా సమానం, గడపలు పెట్టనే పెట్టరు, అన్నీ లోపలే, లిఫ్టు ఉంది, గేటు దగ్గర మనిషి ఉన్నాడు. ఇదంతా వేళ్ళు మడిచి మరీ చెప్పాడు.

"బావా, కళ్ళు కనిపించని మనిషికి అలవాటైన చోటు కావాలి గానీ సమానమైన నేల ఎందుకు?" అన్నాను.

"నువ్వు బస్సులో నిలబడి ఊగేవాడివి, నేల గురించి నీకేం తెలుసురా" అన్నాడు.

అక్క మాత్రం ఒక్కటే అడిగింది. "మన తలుపు ఎలా ఉంటుంది?"

ఆ మాటకి బావ మొహం వెలిగిపోయింది. "అన్నీ ఒకటేనే! ఏ ఫ్లాటు తలుపు ఊడదీసి ఏ ఫ్లాటుకి పెట్టినా వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటుంది. వేస్తే చప్పుడు కూడా రాదు. ఒక్క ముడి కనిపించదు, చూస్తూ ఉండు."

"అయితే మనదానికి మాత్రం ఏదో ఒక తేడా పెట్టు."

"తేడా పెడితే అది పనెలా అవుతుంది?"

ఆయన చెప్పినట్టే వెళ్ళారు. పాత ఇల్లు కొన్నవాళ్ళు మర్నాడే పలుగులు వేశారు. తలుపు ఏమైందని అక్క అడిగితే కట్టెల అడితికి పోయిందని చెప్పింది నేనే. ఎవరో ఒకరు చెప్పాలిగా.

కొత్తలో బాగానే ఉంది. కాదనను. అక్కకి ఇంకా కాస్త వెలుతురు ఆనుతూ ఉండేది. గదులన్నీ గోడ పట్టుకుని తిరిగి నేర్చుకుంది. గిన్నెలెక్కడ, నీళ్ళెక్కడ, కిటికీ ఎటు, అన్నీ ఒంటబట్టించుకుంది. బావ పని షెడ్డు ఎక్కడో అద్దెకి తీసుకున్నాడు. సాయంత్రాలు కింద సిమెంటు బెంచీ మీద అక్క కూర్చునేది. పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. మాటలపోగు మా అక్క. మనిషి గొంతు వినిపిస్తే చాలు, ఆ పూటకి ఆమె కడుపు నిండినట్టే.

ఫ్లాట్లవాళ్ళంతా మొదటి మీటింగు పెట్టుకున్నప్పుడు ఒకాయన లేచి, మా తలుపుకి ఎర్రరంగు వేసుకుంటాం, ముందు ఇనప గ్రిల్లు పెట్టుకుంటాం అన్నాడట. మీటింగుల్లో ఎప్పుడూ నోరు విప్పని మా బావ లేచి నిలబడ్డాడు. ఈ సంగతి ఆయనే నాకు ఎంతో గొప్పగా చెప్పాడు. "ఈ తలుపులన్నీ ఒక వరసండీ. ఒకదానికి రంగు మారినా, ఒకదానికి గీత పడినా వరసంతా చెడిపోతుంది. పళ్ళ వరసలో ఒక్క పన్ను ఊడితే నవ్వు బాగుంటుందా? తలుపు లోపలి వైపు మీ ఇష్టం. బయటి వైపు మాత్రం అందరిదీ అనుకోండి" అన్నాడట. చప్పట్లు కొట్టారట. అక్కడికక్కడే రూలు రాసేశారు. తలుపు బయటి వైపు ఎవరూ రంగు వెయ్యకూడదు, ఏదీ తగిలించకూడదు, ఏదీ చెక్కకూడదు. వసారాలో తలుపుల ముందు చెప్పులు, కుండీలు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు, ఏవీ ఉండకూడదు.

నంబర్లు కూడా తలుపు మీద లేవు. పైన గోడలో, చెయ్యి అందని ఎత్తున, గాజు పలక వెనకాల రాసి ఉన్నాయి. చూసేవాళ్ళకి అందంగా ఉంటాయి.

అక్క కళ్ళలో ఆ మిగిలిన కాస్త వెలుతురూ పోతూ వచ్చింది. లిఫ్టులో బొత్తాలకి బదులు నున్నటి అద్దం, తడిమితే ఏమీ తెలీదు. ఎక్కినవాళ్ళెవరో ఒకరు నొక్కిపెట్టేవాళ్ళు. మధ్యలో ఇంకెవరి కోసమో ఎక్కడో ఆగితే తన అంతస్తే అనుకుని దిగిపోయేది. ఏ అంతస్తులో దిగినా అదే వసారా, అదే నేల, అవే తలుపులు. గేటు దగ్గరి మనిషి కొన్నాళ్ళు పైదాకా తీసుకొచ్చాడు. గేటు వదిలి కదలొద్దని వాడికి చీవాట్లు పడ్డాక మానేశాడు. నేను టికెట్ల కట్టకి వేసే రబ్బరు బ్యాండు ఒకటి వాళ్ళ తలుపు పిడికి గుర్తుగా చుట్టి వచ్చాను. మూడోసారి చుట్టినదాన్నీ ఊడ్చేవాళ్ళు తీసి పారేశాక నాకు ఒళ్ళు మండి మానుకున్నాను.

ఒక సాయంత్రం బావ నాకు ఫోన్ చేశాడు. "ఒరే, తొందరగా రా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

వెళ్ళేసరికి వాళ్ళకి ఒక అంతస్తు కింద వసారా నిండా జనం. అక్కడ ఒక ఫ్లాటాయన తలుపు దగ్గరగా వేసి చెత్తబుట్ట పట్టుకుని కిందికి దిగాడు. ఆ సమయంలో బెంచీ దగ్గర్నుంచి అక్క పైకొచ్చింది, తోస్తే తలుపు తెరుచుకుంది. బావ పని నుంచి ముందే వచ్చాడనుకుంది. లోపలికి వెళ్ళి, పిలిస్తే పలకకపోయేసరికి తలుపు వెయ్యడం మరిచిపోయి మళ్ళీ వెళ్ళినట్టున్నాడని తిట్టుకుని గడియ పెట్టింది. గదులు ఎటున్నవి అటే ఉన్నాయి. పడకగదిలోకి వెళ్ళి నడుం వాల్చింది.

ఆ ఇంటాయన తిరిగొచ్చి తలుపు కొడితే లోపల్నించి అక్క, "ఎవరండీ? మా ఆయన ఇంట్లో లేరు, తర్వాత రండి!" అంది. ఆయన గట్టిగా అరిచాడు. అక్క ఇంకా గట్టిగా అరిచింది. జనం పోగయ్యారు. ఎవరో నవ్వారు కూడా. నేను వెళ్ళేసరికి బావ ఆ తలుపుకి నోరు ఆనించి, "నేనేనే, తియ్యి" అంటున్నాడు. దళసరి చెక్క, సందుల్లేని పనితనం. గొంతు అవతలికి పీలగా తప్ప పోవడంలేదు.

"మా ఆయనైతే ఆయన దగ్గర తాళంచెవి ఉంటుంది. తీసుకుని వస్తాడు. నువ్వెవడివయ్యా?" అంది లోపల్నించి.

బావ చేతిలో తాళంచెవి ఉంది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దానితో ఆ తలుపు రాదు. అలా తాళంచెవి పట్టుకుని తెల్లబోయి నిలబడ్డ మా బావని నేను చచ్చేదాకా మర్చిపోలేను.

నేను జనాన్ని తోసుకుని వెళ్ళి తలుపు మీద రెండు దెబ్బలు వేశాను. లోపల గడియ తీసిన శబ్దం. అక్క జుట్టు చెదిరి, చేత్తో ఒక ఇత్తడి పూలకూజా పట్టుకుని నిలబడింది, దొంగల్ని కొట్టడానికి. ఆ కూజా తమ ఇంట్లో ఉండే వస్తువు కాదని అప్పుడే తెలిసినట్టుంది. దాన్ని రెండు చేతులా తడిమింది. తడిమేకొద్దీ ఆమె మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఇది ఎవరిల్లురా?" అంది.

ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళే. పర్వాలేదమ్మా అన్నారు, మంచినీళ్ళిచ్చారు. అక్క తాగలేదు. పైకి తీసుకెళ్ళేదాకా కొంగుతో మొహం కప్పుకునే ఉంది.

మర్నాడు బావ సెక్రటరీ దగ్గరికి వెళ్ళాడు, నేనూ కూడా వెళ్ళాను. మెత్తగా మాట్లాడే పెద్దమనిషి. మా తలుపు బయటివైపు, చేతికి తగిలేలా, అరచేతంత గుర్తు ఒకటి చెక్కుకోనివ్వండి అని బావ అడిగాడు. చేతులు కట్టుకుని అడిగాడు. ఎవరి ముందూ అలా నిలబడగా నేను చూడలేదు.

"మీ బాధ నాకు తెలీదా? కానీ ఆ గ్రిల్లాయన ఇంకా కోపంగానే ఉన్నాడు. మీకొక్కరికి ఒప్పుకుంటే రేపు ఆయనొస్తాడు, ఎల్లుండి ఇంకొకరొస్తారు. ఇంతకీ ఈ రూలు పెట్టించింది మీరే కదండీ. పళ్ళ వరస అన్నారు. ఆ మాట నాకెంత నచ్చిందంటే ఇప్పటికీ అందరికీ చెప్తుంటాను" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏమయ్యా, పన్నుకీ మనిషికీ తేడా లేదా?" అని గొంతు పెంచాను. బావ నా భుజం నొక్కి బయటికి తీసుకొచ్చాడు. మీటింగులో పెడతామన్నారు. పెట్టారు. చేతులెత్తమంటే చాలామంది నేల చూశారు. కుదర్లేదని చెప్పడానికి సెక్రటరీయే స్వయంగా ఇంటికొచ్చి, వెళ్తూ వెళ్తూ, "అమ్మగారిని ఒంటరిగా బయటికి పంపకండి, అందరికీ మంచిది" అన్నాడు. అక్క వింటూనే ఉంది.

"అమ్మేద్దాం బావా. నేల మీద ఇల్లు ఏదైనా చూద్దాం" అన్నాను.

"చూడకుండా ఉన్నానట్రా?" అన్నాడు. నిజంగానే తిరిగాడు. ఆదివారాలు నేనూ తిరిగాను. మాకు అందినంతలో నేల మీద ఇల్లు దొరకలేదు. ఉన్నవాటిని రేపో మాపో పడగొట్టి ఫ్లాట్లు కడతారట. నా ఇల్లు చూస్తే మేడ మీద ఒకటిన్నర గది, నిచ్చెన లాంటి మెట్లు. అక్కని అక్కడికి తెచ్చుకుందామని మా ఆవిడతో అన్నాను, ఆమె సరేనంది కూడా. కానీ ఆ మెట్ల మీద అక్క కాలు ఎలా పెడుతుంది?

ఊరి చివర ఒక ఇల్లు ఉందని ఎవరో చెబితే బావ ఆశగా అక్కకి చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. అక్క పక్కనున్న గోడని తడిమింది.

"వద్దయ్యా. ఈ నాలుగు గోడలూ కాస్త చూపున్నప్పుడు నేర్చుకున్నాను. ఇప్పుడు చీకటి తప్ప ఏమీ లేదు. కొత్తచోట మొదట్నుంచీ తడుముకోవడం నా వల్ల కాదు. నేల మీదైతే ఏమిటి, మేడ మీదైతే ఏమిటి" అంది. తర్వాత ఇంకో మాట అంది. "నువ్వు పనికి వెళ్ళేటప్పుడు బయట తాళం వేసుకుని వెళ్ళు. గడియ తీసి ఎటైనా వెళ్ళిపోతానేమోనని నాకే భయంగా ఉంది. ఇంకోసారి అలా ఎవరి మంచం మీదో పడుకుంటే నేను బతకలేను."

బావ ఒప్పుకోలేదు. రెండు రోజులు పనికే వెళ్ళలేదు. మూడో రోజు తాళం వేసి వెళ్ళాడు. ఊరందరి ఇళ్ళకీ తలుపులు చేసినవాడు పెళ్ళాన్ని లోపల పెట్టి తాళం వేసుకోవడం ఏమిటి? నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

ఇప్పుడాయన ఇంకో బిల్డింగు తలుపులు చేస్తున్నాడు. ఎక్కడో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఒకరోజు బస్సు ఆ పాత సందు మొగలో ఆగితే చూశాను. ఆ ఇల్లున్న చోట పిల్లర్లు లేచి ఉన్నాయి, వాటి కింద రేకు పందిట్లో మా బావ చిత్రిక పడుతున్నాడు. పక్కన ఒకేలాంటి తలుపులు వరసగా ఆనించి ఉన్నాయి. ఆయన తలెత్తలేదు. ఆ స్టాపులో నేను రైట్ అనడం మర్చిపోతే డ్రైవరు తిట్టాడు.

ఆ మధ్యాహ్నమే డ్యూటీ దిగి అక్క దగ్గరికి వెళ్ళాను. తలుపుకి తాళం ఉంది. ఉంటుందని తెలుసు. అయినా రెండు దెబ్బలు వేశాను.

"తమ్ముడా?" అంది. గొంతు దగ్గర్లోంచే వచ్చింది. తలుపుకి అవతలి పక్కనే ఉన్నట్టుంది. చెవి ఆనిస్తే గానీ వినబడలేదు.

"నేనే అక్కా. ఏం చేస్తున్నావు?"

"ఇక్కడే నిలబడ్డాను. మీ బావ ఏం చేశాడో తెలుసా? తలుపుకి లోపలి వైపు చెక్కాడు. లోపలి వైపు మన ఇష్టమేగా."

"ఏం చెక్కాడు?"

"ముడి."

బతుకంతా ముడి లేని చెక్క కోసం వెతికినవాడు. మంచి పలకలో ముడిని చెక్కాడు. గుండ్రంగా, గుండె ఎత్తున, అరచెయ్యి పట్టేంత. అక్క చెబుతూ ఉంటే నేను బయటివైపు అదే ఎత్తున చెయ్యి పెట్టాను. నున్నగా ఉంది. ఏమీ లేదు.

"అచ్చం దానిలాగే ఉందిరా" అంది అక్క. "చెయ్యి పెడితే ఇంటికొచ్చేసినట్టే ఉంటుంది. అంతలోనే గుర్తొస్తుంది, నేనసలు బయటికే వెళ్ళలేదు కదా అని."

బస్సు మొత్తానికి వినబడేలా అరిచేవాణ్ణి. గొంతు తగ్గించి, వెళ్ళొస్తానక్కా అన్నాను. జవాబు రాలేదు. వినబడి ఉండదు. తలుపు అంత బాగా చేశాడు మా బావ.